ఇటలీ పల్లెసీమలలో నిదానముగా పన్నెండు రోజులు

పంట చేతికి వచ్చిన పిమ్మట నలుగురు కలిసి యాత్రకు బయలుదేరుట మన రైతులకు క్రొత్త కాదు. ఊరివారందరు ఒక బండి మాట్లాడుకొని, బియ్యము, పప్పు, పొయ్యి వెంటబెట్టుకొని కాశీ, రామేశ్వరము పోయి వచ్చుట పెద్దల నాటి నుండి ఉన్న అలవాటే. ఇప్పుడు పిల్లలు విదేశములలో ఉద్యోగములు చేయుచుండుట వలన, మన గ్రామముల నుండి యూరపు ఖండమునకు పోవువారు కూడ కనబడుచున్నారు. అయితే వీరిలో పలువురు పది రోజులలో ఆరు దేశములు చూపించెదమను యాత్రలకు సొమ్ము కట్టి, పగలెల్ల బస్సులో కునికిపాట్లు పడుచు, రాత్రి ఎక్కడ పండుకొన్నదియు జ్ఞాపకము లేక తిరిగి వచ్చుచున్నారు. ఒక పంట మీద మిగిలిన సొమ్మంతయు ఇట్లు ఖర్చుచేసి, "ఏమి చూచితిరి?" అని అడిగినచో చెప్పలేకపోవుట విచారింపదగిన విషయము.

మన బోటి వ్యవసాయదారులు ఒక బృందముగా ఏర్పడి, ఒకే దేశములో, ఒకే ప్రాంతములో, నిలకడగా పన్నెండు రోజులు గడుపుట మేలు. ఇటలీ మధ్య భాగమున ఉన్న తస్కనీ, ఉంబ్రియా సీమలు ఇందుకు మిక్కిలి అనువైనవి. అచ్చట ఏమి చూడవలెనో, ఇచ్చట నుండి ఏమి సిద్ధము చేసికొనవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

ఈ ప్రాంతమే ఎందుకు?

ఈ సీమలలో ఊళ్లు చాలవరకు కొండల నెత్తిన ఉన్నవి. శత్రువుల నుండి రక్షణ కొరకు ఒకటి, పల్లపు బురద నేలలలోని మలేరియాకు భయపడి రెండు, పూర్వులు మెట్టకు చేరి గోడలు కట్టుకొనిరి. ఊరు పైన, పొలము క్రింద. ఊరి గోడ ప్రక్కన నిలిచి చూచినచో గోధుమ చేలు, ద్రాక్ష తోటలు, ఆలివు తోపులు, గొఱ్ఱెల మందలు ఒకే చూపులో కనబడును. రైతు కంటికి ఇంతకన్న మంచి పాఠము లేదు.

రెండవ కారణము అచ్చటి భూమి చరిత్ర. అచ్చట శతాబ్దముల తరబడి పాలు పద్ధతి సాగినది. భూమియు, ఇల్లును యజమానివి, కష్టము రైతు కుటుంబముది, పంట చెరిసగము. 1964లో చేయబడిన 756వ నంబరు శాసనము క్రొత్తగా ఇట్టి ఒప్పందములు చేసికొనుటను నిషేధించి, ఉన్న ఒప్పందములలో రైతు భాగమును నూటికి 58కి పెంచినది. 1982 నాటి 203వ నంబరు శాసనము మిగిలిన వాటిని కౌలుగా మార్చుటకు దారి చూపినది. అయితే ఈ లోపలనే పాలు రైతులు వేలకొలది కుటుంబములు పట్టణములలోని కర్మాగారములకు వెళ్లిపోయిరి. రాతి ఇండ్లు పాడుపడినవి.

ఆ ఇండ్లే ఇప్పుడు యాత్రికులకు బసలుగా మారినవి. వీటిని 'అగ్రిటురిజ్మో' అందురు. ఇది హోటలు వ్యాపారము కాదు. 1985లో మొదటి శాసనము, దాని స్థానమున 2006లో 96వ నంబరు శాసనము వచ్చినవి. వీటి ప్రకారము సేద్యము చేయువాడే అతిథులను ఉంచుకొనవలెను. సేద్యమే ప్రధాన వృత్తిగా మిగులవలెను. వడ్డించు భోజనములో తన పొలములోను, ఆ ప్రాంతములోను పండినదే ముఖ్యముగా ఉండవలెను. దేశమంతట ఇట్టి రైతు బసలు 25 వేలకు పైగా కలవు. పాలు పద్ధతి పోయిన పిమ్మట చిన్న కమతము నిలబడుటకు రెండవ ఆదాయము ఎట్లు తోడ్పడినదో మీరు ఆ ఇంటిలోనే పండుకొని తెలిసికొనవచ్చును.

ఎప్పుడు వెళ్లవలెను?

ఏప్రిల్ చివరి వారము నుండి మే నెల మూడవ వారము వరకు మంచి అదను. మన వద్ద దాళ్వా పంట ఇంటికి చేరి, ఖరీఫు దుక్కులకు ఇంకను వ్యవధి ఉండును. అచ్చట గోధుమ పచ్చగా వెన్ను తీయుచుండును. ద్రాక్ష తీగెలు చిగిర్చి సాగుచుండును. పగటి వేడి సాధారణముగా 20 నుండి 25 డిగ్రీలు. రాత్రి చలి ఉండును గనుక ఒక ఉన్ని స్వెట్టరు అవసరము. ప్రొద్దు 8 గంటల తరువాత గాని క్రుంకదు.

మామిడి తోటలు గలవారికి మే నెల కుదరదు. అట్టివారు సెప్టెంబరు చివర వెళ్లినచో ద్రాక్ష కోతలు చూడవచ్చును. ఆలివు కాయల కోత అక్టోబరు, నవంబరు నెలలలో జరుగును. కాని అప్పటికి మన ప్రత్తి తీతలు మొదలగును; కోస్తాలో తుపానుల భయము కూడ కలదు. ఆగస్టు మాత్రము వలదు. ఎండ తీవ్రము, జనము అధికము, బసల ధరలు హెచ్చు.

బృందము, బండి

పన్నెండు మందికి మించరాదు. అంతకన్న ఎక్కువైనచో ఒక రైతు ఇంటిలో చోటు చాలదు. ఒక బల్ల వద్ద అందరు కూర్చొని మాటలాడుటయు కుదరదు. బృందమునకు ఒక నాయకుడు, ఒక కోశాధికారి, ఇంగ్లీషు బాగుగా వచ్చిన ఒక యువకుడో యువతియో ఉండవలెను. స్త్రీలను తప్పక తీసికొనిపోవలెను. అచ్చటి రైతు బసలలో ఇంటి ఇల్లాలి పాత్ర పెద్దది. మన స్త్రీలు గ్రహించునంతగా ఆ సంగతులు పురుషులు గ్రహింపలేరు.

కొండ ఊళ్లలో వీధులన్నియు రాతి పరుపుతో వాలుగా ఉండును. మోంతెపుల్చానో ఊరి పెద్దవీధి క్రింది ద్వారము నుండి పై చావడి వరకు ఒకటే ఎక్కుడు. కనుక బయలుదేరుటకు మూడు నెలల ముందు నుండి ప్రతి ఒక్కరు దినమునకు మూడు నాలుగు కిలోమీటర్లు నడచుట అలవాటు చేసికొనవలెను. మోకాళ్ల నొప్పులు గలవారిని ముందే గుర్తించి, వారు ఊరి చావడిలో కూర్చొని విశ్రమించునట్లు ఏర్పాటు చేయవలెను. వారిని తొందర పెట్టరాదు.

స్వయముగా కారు నడుపుదమని కొందరు ఉత్సాహపడుదురు. అచ్చట బండ్లు రోడ్డుకు కుడి ప్రక్కన నడుచును. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిటు కావలెను. డ్రైవరుతో కలిపి తొమ్మిది మందికి మించిన బండిని సాధారణ కారు లైసెన్సుతో నడుపరాదు. పాత ఊళ్ల నడిబొడ్డున పరుల బండ్లకు ప్రవేశము లేని వలయములు కలవు. కెమెరాలు నంబరు పట్టుకొని, కొన్ని నెలల తరువాత జరిమానా నోటీసు ఇంటికి పంపును. కనుక దూరములకు రైలు, ఊళ్ల మధ్యకు డ్రైవరుతో కూడిన చిన్న బస్సు అద్దెకు తీసికొనుట క్షేమము. ఆ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట 45 నిమిషములు విశ్రాంతి తీసికొనవలెననియు, సామాన్యముగా దినమునకు 9 గంటలకు మించి నడుపరాదనియు యూరపు చట్టము. దీనిని బట్టియే మీ కార్యక్రమము వ్రాసికొనవలెను.

పన్నెండు రోజుల కార్యక్రమము

రెండే బసలు పెట్టుకొనవలెను. మొదటి నాలుగు రాత్రులు ఓర్వియేటోలో, తరువాతి ఆరు రాత్రులు పియెంజా, మోంతెపుల్చానోల మధ్య ఒక రైతు బసలో, చివరి రాత్రి రోము నగరములో. ప్రతిదినము మూట కట్టి విప్పు బాధ దీని వలన తప్పును. ఏ దినమునకైనను ఒక్క ఊరే. మధ్యాహ్నము ఒంటిగంట నుండి సుమారు నాలుగు వరకు అంగళ్లు చాలవరకు మూసియుండును. ఆ వేళ మీరును విశ్రమించవలెను.

రోము విమానాశ్రయము నుండి రైలులో రోము చేరి, అచ్చట ఓర్వియేటో పోవు ప్రాంతీయ రైలు ఎక్కవలెను. కాగితపు టిక్కెట్టును రైలు ఎక్కక ముందే ప్లాట్‌ఫారము మీది యంత్రములో ముద్ర వేయించవలెను. మరచినచో జరిమానా పడును. స్టేషను క్రింద, ఊరు పైన. నడుమ తీగలతో లాగబడు కొండ బండి నడుచును. మొదటి దినము ఏమియు చూడవలదు. నిద్ర తీరవలెను.

ఓర్వియేటోలో తప్పక చూడదగినది పాట్రిక్ ముని పేర గల బావి. 1527లో రోము నగరము కొల్లగొట్టబడినప్పుడు ఏడవ క్లెమెంటు పోపు ఈ ఊరిలో తలదాచుకొని, ముట్టడి వచ్చినచో నీటికి లోటు రాకుండునట్లు దీనిని త్రవ్వించెను. శిల్పి ఆంతోనియో ద సంగాల్లో. 1537లో పూర్తియైనది. లోతు సుమారు 53 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు. దీని గోడలో ఒకదానినొకటి తాకకుండ చుట్టి దిగు రెండు మెట్ల దారులు, ఒక్కొక్కదానికి 248 మెట్లు కలవు. నీటి కంచర గాడిదలు ఒక దారిన దిగి, రెండవ దారిన ఎక్కెడివి. ఎదురుపడి ఆగు పని లేదు. మోటబావి తెలిసిన మనవారికి ఈ ఉపాయము వెంటనే బోధపడును.

మరియొక దినమున సుమారు 20 కిలోమీటర్ల దూరమున ఉన్న చివితా ది బాన్యోరేజో చూడవలెను. పైన అగ్నిపర్వత సంబంధమైన మెత్తని రాయి, దాని క్రింద బంకమట్టి. వాన నీరును, వాగులును క్రింది మట్టిని తినివేయగా పైరాయి విరిగి పడుచున్నది. ఒకప్పటి ఊరిలో కొద్ది భాగమే మిగిలినది. దానికి పోవుటకు పొడవైన కాలివంతెన ఒక్కటే ఆధారము. నేల కోత ఎట్టి హాని చేయునో చెప్పుటకు వంద ఉపన్యాసములకన్న ఈ వంతెన మీద అరగంట నిలుచుట మేలు. గురు, శనివారములందు ఓర్వియేటోలో సంత జరుగును. 1999లో 'నిదానపు పట్టణముల' సంఘము పుట్టినదియు ఈ ఊరిలోనే. దాని గుర్తు నత్త. జనసంఖ్య 50 వేలకు మించని ఊళ్లనే చేర్చుకొందురు.

ఐదవ దినమున రైలులో క్యూసీ చేరి, అచ్చట నుండి బస్సులో రైతు బసకు పోవలెను. ఇది ఓర్చా నది లోయ. 2004లో ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. అందరు ఈ గుట్టల అందమును పొగడుదురు గాని, ఇది ప్రకృతి దయ చేసినది కాదు. ఒకప్పుడు ఇందులో చాల భాగము బోడి బంకమట్టి దిబ్బలు. 1924లో ఒరీగో దంపతులు ఇచ్చట లా ఫోచె అను ఎస్టేటు కొని, కొట్టుకుపోయిన దిబ్బలను చదును చేయించి, దారులు, బడి, వైద్యశాల ఏర్పరచి సాగులోనికి తెచ్చిరి. ఆ పొలముల నడుమ సైప్రసు చెట్ల వంకర బాటను మీరు దూరము నుండియే గుర్తింపవచ్చును.

ఈ ఆరు రాత్రులలో ఒక దినము పియెంజాకు కేటాయించవలెను. రెండవ పయస్ పోపు తాను పుట్టిన కుగ్రామమును 1459 నుండి శిల్పి రొస్సెల్లీనో చేత పట్టణముగా తిరిగి కట్టించి, తన పేర పియెంజా అని పిలిపించెను. ఇచ్చటి గొఱ్ఱె పాల జున్ను ప్రసిద్ధము. పాలు రైతులు విడిచిపోయిన పొలములకు సార్దీనియా ద్వీపము నుండి కాపరులు మందలతో వచ్చి స్థిరపడిరి. మేలో లేత చిక్కుడు జాతి గింజలను పచ్చిగనే ఈ జున్నుతో తినుట అచ్చటి ఆచారము.

ఇంకొక దినము సియెనాకు. అచ్చటి పురమందిరములో అంబ్రోజియో లోరెంజెత్తి 1338, 1339 సంవత్సరములలో గోడల మీద వ్రాసిన చిత్రములను గ్రామాధికారులు ప్రత్యేకముగా చూడవలెను. సుపరిపాలన గల సీమలో దున్నుటయు, కోయుటయు, నూర్చుటయు, ధాన్యమును గాడిదలపై పట్టణమునకు తోలుటయు ఒక గోడ మీద. దుష్పరిపాలనలో తగులబడిన ఊళ్లు, బీడు పొలములు వేరొక గోడ మీద. పన్ను వసూలు చేయువారి గదిలో కాక, నిర్ణయములు చేయు తొమ్మిదిమంది పెద్దలు కూర్చొను గదిలో వీటిని వ్రాయించిరి. మరమ్మతుల కొరకు ఆ గదిని ఒక్కొక్కప్పుడు మూయుదురు గనుక ముందుగా విచారించుకొని పోవలెను.

మూడవ దినము కియానా లోయకు. శతాబ్దముల పాటు ఇది మలేరియా నిండిన చిత్తడి. 18వ శతాబ్దము చివర ఫొస్సొంబ్రోని అను ఇంజనీరు, వరద నీటిని గట్లు కట్టిన మడులలో నిలిపి, ఒండ్రు పేరుకొనునట్లు చేసి, నేలను క్రమముగా ఎత్తు చేయు పద్ధతిని అమలు జరిపెను. ఒండ్రు విలువ తెలిసిన కృష్ణా, గోదావరి రైతులకు ఇది ఆసక్తి కలిగించును. ఈ లోయ పేరనే కియానీనా అను తెల్లని పశుజాతి ఉన్నది. ప్రపంచములోని మిక్కిలి పెద్ద పశుజాతులలో ఇది ఒకటి. ఒకప్పుడు దుక్కికి వాడెడివారు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత మాంసము కొరకే పెంచుచున్నారు. ఒంగోలు గిత్తలను ఎరిగినవారు ఈ రెండు జాతుల గతిని పోల్చి చూడవలెను. సమీపమున ఉన్న అరెజ్జో పట్టణములో రెండవ ప్రపంచ యుద్ధమున మరణించిన భారతీయ సైనికుల స్మారక స్థలము కలదు. అచ్చట కొంతసేపు నిలిచి నమస్కరించి రావలెను.

నాలుగవ దినము మోంతెపుల్చానో. మిగిలిన దినములలో బస విడిచి పోవలదు. ఆతిథేయునితో పొలము తిరుగుడు. ఎకరమునకు విత్తనమెంత, కూలి ఎంత, ఏ తెగులుకు ఏమి మందు, పెట్టుబడి ఎవరిచ్చుచున్నారు, కొడుకులు సేద్యములో ఉన్నారా, అని అడుగుడు. ఈ సంభాషణ కొరకే ఇంత దూరము పోవుచున్నారు.

కాగితములు

ఆరు నెలల ముందే పని ప్రారంభించవలెను. పాసుపోర్టు తిరుగు ప్రయాణము తరువాత కనీసము మూడు నెలలు చెల్లవలెను. అది పదేండ్ల లోపల ఇవ్వబడినదై ఉండవలెను. షెంగెన్ వీసాకు ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును. పదిహేను రోజుల కన్న ఆలస్యము చేయరాదు. వీసా రుసుము 2024 జూన్ నుండి పెద్దలకు 90 యూరోలు. 30 వేల యూరోలకు తక్కువ కాని వైద్య భీమా తప్పనిసరి. వ్రేలిముద్రలకు ప్రతివారు స్వయముగా హాజరు కావలెను. వ్యవసాయ ఆదాయముపై పన్ను లేదు గనుక పన్ను రిటర్నులు లేని రైతులు బ్యాంకు ఖాతా వివరములను, పట్టాదారు పాసుపుస్తకము నకలును ఇంగ్లీషు అనువాదముతో జతపరచుట మంచిది. ఖాతాలో సొమ్మును చివరి వారమున ఒక్కసారిగా వేయరాదు. పంట అమ్మిన రశీదులు దగ్గర ఉంచుకొనవలెను. వీసా రాకముందు రద్దుకు వీలులేని టిక్కెట్లు కొనరాదు. అచ్చట బసలవారు అతిథుల వివరములను పోలీసువారికి తెలుపుట చట్టము గనుక, పాసుపోర్టు అడిగినచో సంకోచింపక చూపవలెను.

తినుబండారములు, తెగుళ్లు

మన దేశము నుండి నెయ్యి, పాలకోవా, పెరుగు, మాంసపు పచ్చళ్లు మొదలగునవి యూరపులోనికి తీసికొనిపోరాదు. మామిడిపండ్లు, కరివేపాకు వంటి పచ్చి సరుకులకు సస్యారోగ్య ధ్రువపత్రము కావలెను. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు గట్టిగా మూసిన డబ్బాలలో తీసికొనిపోవచ్చును. శాకాహారులు ఆ సంగతిని బసవారికి ముందే వ్రాయవలెను. పప్పు పులుసులలో పంది క్రొవ్వు వేయు అలవాటు కొందరికి ఉన్నది. తస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు. అది వారి పద్ధతి, తప్పు కాదు. రాత్రి భోజనము ఏడున్నరకు ముందు దొరకుట కష్టము.

తిరిగి వచ్చునప్పుడు ఆలివు కొమ్మయో, ద్రాక్ష కడ్డియో, గుప్పెడు విత్తనములో, సంచిలో మట్టియో తేవలెనని రైతు చేయి దురద పెట్టును. ఇది ఎంతమాత్రము కూడదు. 2013లో ఇటలీ దక్షిణమున పూలియా సీమలో జైలెల్లా అను సూక్ష్మజీవి బయటపడినది. రసము పీల్చు చిన్న పురుగులు దానిని చెట్టు నుండి చెట్టుకు వ్యాపింపజేయగా, తాతలు నాటిన ఆలివు చెట్లు లక్షలాదిగా మాడిపోయినవి. అంతకు ముందు ముఖ్యముగా అమెరికా ఖండములలో ఎరుగబడిన ఆ తెగులు, దిగుమతియైన అలంకరణ మొక్కలతో వచ్చినదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఒక్క మొక్క చాలును. మన దేశమున 2003 నాటి సస్య నిర్బంధ ఉత్తర్వు ప్రకారము అనుమతి లేక మొక్కలు, విత్తనములు, మట్టి తెచ్చుట నేరము. పొలములలో తిరిగిన బూట్లను కూడ బయలుదేరు ముందు కడిగి ఆరబెట్టవలెను.

సొమ్ము, ఇల్లు

మూడు సంస్థల వద్ద వ్రాతపూర్వకముగా ధరలు తెప్పించి, విమానము, బస, బస్సు, భోజనము, ప్రవేశ రుసుములు, పట్టణ పన్ను అను పద్దులుగా విడదీసి పోల్చవలెను. మొత్తములో ఆరవ వంతు అత్యవసర నిధిగా కోశాధికారి వద్ద ఉంచవలెను. లెక్కలు ప్రతి రాత్రి అందరి ఎదుట చదువవలెను. మధ్యలో ఒకరు మానుకొన్నచో సొమ్ము ఎంత తిరిగి వచ్చునో ముందే వ్రాసికొని సంతకములు చేయవలెను. స్నేహములు చెడునది ఇచ్చటనే. ఈ యాత్ర కొరకు అప్పు చేయరాదు.

పశువుల మేత, నీటి తడులు, పాల లెక్క ఎవరికి అప్పగించుచున్నారో కాగితము మీద పెట్టవలెను. మే నెలలో మనకును ఇటలీకిని మూడున్నర గంటల తేడా. అచ్చట ఉదయము ఏడు గంటలైనప్పుడు ఇచ్చట పదిన్నర. కనుక ఇంటికి ఉదయమే టెలిఫోను చేయుట అనుకూలము.

బృందములో ప్రతివారు ఒక్కొక్క విషయమును ఎంచుకొని నోటుపుస్తకములో వ్రాసికొనవలెను: ఒకరు నేల కోత నివారణ, ఒకరు గొఱ్ఱెలు, ఒకరు బసల నిర్వహణ, ఒకరు సంత ధరలు. తిరిగి వచ్చిన నెల లోపల గ్రామ సభలో చదివి వినిపించవలెను. రాబోవు వేసవికి పోదలచినవారు ఈ దీపావళి లోపలనే పన్నెండు పేర్లు వ్రాసికొని, పాసుపోర్టుల గడువు చూచుకొని, నడక మొదలు పెట్టుడు.